తుఫానులో పాడినవాళ్లు, వణికిపోయిన పాదిరి

ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లేముందు పేషెంటు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన పాస్టరుగారు చివర్లో ఒక మాట అంటుంటారు: భయపడకమ్మా, భయపడుతున్నావంటే విశ్వాసం లేనట్టే. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాట విన్న మనిషికి అప్పటిదాకా ఉన్న భయం ఒకటి, అప్పట్నించి రెండు. కత్తి భయం పోలేదు సరికదా, నాకసలు విశ్వాసమే లేదేమోనన్న భయం కొత్తగా వచ్చి పక్కన కూర్చుంటుంది. మొదటిదానికి మత్తుమందు డాక్టరుగారు ఏదో ఒకటి చేస్తారు. రెండోదాన్ని ఎవరితో చెప్పుకోవాలి? పాస్టరుగారితో చెప్పుకుందామంటే ఆయనే కదా అంటించి వెళ్లింది.

ఈ రెండో భయాన్ని చాలా ఏళ్లు మోసి, మోసినంత కాలమూ దాచకుండా రాసిపెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. ఇంగ్లండుకు చెందిన జాన్ వెస్లీ. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడు. తెలుగు క్రైస్తవులకు ఈ పేరు కొత్తది కాదు, మన ఊళ్లల్లో జాన్ వెస్లీ అని పేరున్న కుర్రాళ్లు బోలెడంతమంది. మెదక్‌లో ఆ పెద్ద చర్చిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీయే. 1924 డిసెంబరు 25న ఆ చర్చిని ప్రతిష్ఠించారు. డిసెంబరు 31 రాత్రి మనం వెళ్లే వాచ్ నైట్ ఆరాధనను ఇంగ్లండులో అలవాటు చేసింది కూడా 1740ల్లో వెస్లీ మనుషులే. పేరు ఇంత దగ్గరిదైనా, ఆ పేరుగల మనిషి చావంటే ఎంతగా భయపడ్డాడో, ఆ భయం ఎలా తగ్గిందో, పూర్తిగా పోయిందో లేదో మన ప్రసంగాల్లో వినపడటం తక్కువ. వినపడినా ఒక్క రాత్రి కథగా వినపడుతుంది: ఫలానా సాయంత్రం గుండె వెచ్చబడింది, భయం పారిపోయింది, ఆమేన్. అసలు కథ అంత పొట్టిది కాదు. పొట్టిది కాకపోవడంలోనే మనకు పనికొచ్చే సంగతి ఉంది.

1735 అక్టోబరులో గ్రేవ్‌సెండ్ రేవులో వెస్లీ 'సిమ్మండ్స్' అనే ఓడ ఎక్కాడు. అమెరికాలో జార్జియా అనే కొత్త కాలనీకి పాదిరిగా వెళ్తున్నాడు. వయసు 32. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు చెప్పినవాడు. తమ్ముడు చార్లెస్‌తో, స్నేహితులతో కలిసి జైళ్లకు వెళ్లి ఖైదీలకు వాక్యం చెప్పినవాడు, ఉపవాసాలు ఉన్నవాడు. ఓడ మీద కూడా క్రమం తప్పలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఏకాంత ప్రార్థన, అయిదు నుంచి ఏడు దాకా బైబిలు, తర్వాత అందరితో ఆరాధన. మాంసం, వైన్ మానేసి ఎక్కువగా అన్నం, బిస్కట్ల మీదే ఉన్నాడు. ఇవాళ మన సంఘాల్లో అలాంటివాడు కనపడితే దైవజనుడనేసి కాళ్లకు దండం పెట్టేస్తాం. అయితే బయల్దేరబోయే ముందు ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఈ ప్రయాణం ప్రధానంగా తన ఆత్మను రక్షించుకోవడానికేనని ఒప్పుకున్నాడు. అంటే అంత భక్తి వెనకా ఒక దిగులు ఉంది: దేవుడు నన్ను అంగీకరించాడా, లేదా?

ఓడ ఎక్కాక ఆ దిగులు బయటికొచ్చింది. గాలి హోరుకు ఒక రాత్రి మెలకువ వచ్చినప్పుడు తాను చావుకు సిద్ధంగా లేనన్న సంగతి తెలిసిపోయింది. జనవరిలో వరసగా తుఫానులు. వాటిల్లో 1736 జనవరి 25, ఆదివారం నాటిది అన్నిటికన్నా పెద్దది.

అదే ఓడలో 26 మంది జర్మన్లున్నారు. మొరేవియన్ సహోదరులు. వాళ్లతో మాట్లాడటం కోసం వెస్లీ పనిగట్టుకుని జర్మన్ నేర్చుకుంటున్నాడు. ఆ సాయంత్రం ఏడింటికి వాళ్ల కూడికకు వెళ్లాడు. కీర్తన అందుకున్నారు. సగంలో ఉండగా ఒక అల ఓడ మీద విరుచుకుపడి పెద్ద తెరచాపను పీలికలు చేసింది, ఓడను కప్పేసింది, నీళ్లు కింది అంతస్తుల్లోకి పారాయి. ఇంగ్లీషువాళ్లంతా కేకలు, ఏడుపులు. జర్మన్లు తలెత్తి చూశారు, పాట మాత్రం ఆపలేదు. తర్వాత వెస్లీ వాళ్లల్లో ఒకాయన్ని పట్టుకుని మీకు భయం వేయలేదా అని అడిగాడు. దేవుని దయవల్ల లేదన్నాడాయన. మరి మీ ఆడవాళ్లకి, పిల్లలకి? వాళ్లకీ చావంటే భయం లేదని జవాబు.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేసి, చూశారా విశ్వాసమంటే అదీ, అంటారు. నాకు మాత్రం ఆ రోజు డైరీలో తుఫానుకు ముందు రాసిన నాలుగు ముక్కలే ఎక్కువ విలువైనవనిపిస్తాయి. ఈ జర్మన్లను వెస్లీ చాలా రోజులుగా గమనిస్తున్నాడు. ఓడలో ఏ ఇంగ్లీషువాడూ ముట్టని నీచపు పనులు వాళ్లు ఇతర ప్రయాణికుల కోసం చేసేవాళ్లు, డబ్బులిస్తే పుచ్చుకునేవాళ్లు కాదు. ఎవరైనా తోసినా, కొట్టినా, కింద పడేసినా లేచి వెళ్లిపోయేవాళ్లే తప్ప నోట ఫిర్యాదు వచ్చేది కాదు. తుఫాను రాత్రి కనిపించిన నెమ్మది ఆ రాత్రి పుట్టింది కాదన్నమాట. గర్వం చచ్చినచోట, పరువు పోతుందన్న భయం ముందే పోయినచోట, ప్రాణం పోతుందన్న భయానికి పట్టు కొంత సడలుతుంది. చిన్న చిన్న నష్టాల్ని నవ్వుతూ భరించడం వాళ్లు రోజూ సాధన చేస్తున్నారు.

వాళ్ల వెనక కథ కూడా చిన్నది కాదు. హాబ్స్‌బర్గ్ రాజుల ఏలుబడిలో మొరేవియాలో వీళ్ల విశ్వాసానికి చోటు లేదు. రాత్రికి రాత్రి ఇళ్లు, పొలాలు వదిలేసి సరిహద్దు దాటి, జర్మనీలో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు జమీనులో 1722 నుంచి హెర్న్‌హుట్ అనే పల్లె కట్టుకున్నారు. ఊరు కట్టడానికి మొదటి చెట్టు నరికినవాడు క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి. పోగొట్టుకోవాల్సినవి చాలావరకు పోగొట్టుకున్నవాళ్లు. హెర్న్‌హుట్‌లో రోజుకొక వాక్యం ఇంటింటికీ చెప్పే పద్ధతి 1728లో మొదలైంది, 1731 నుంచి ఆ వాక్యాలను పుస్తకంగా అచ్చు వేస్తున్నారు, ఇప్పటికీ వస్తోంది. మన దగ్గర కొత్త సంవత్సరం రాత్రి తీసుకునే వాగ్దాన కార్డుకు ఇది కాస్త దగ్గరగా అనిపిస్తుంది కానీ తేడా ఉంది. మనం ఏడాదికొక కార్డు తీసి బీరువా తలుపుకు అంటించేస్తాం. వాళ్లు ఏ రోజు వాక్యాన్ని ఆ రోజు నలుగురూ కలిసి నమిలేవాళ్లు. ఆ 26 మందికి పెద్దగా ఉన్న డేవిడ్ నిచ్‌మన్ 1732లోనే కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవికి, బానిసలకు సువార్త చెప్పడానికి వెళ్లొచ్చినవాడు. సముద్రం ఆయనకు కొత్త కాదు.

వెస్లీకి ఇవన్నీ అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఆయనకు అర్థమైంది ఒక్కటే, వాళ్లకున్నదేదో తనకు లేదు. ఒడ్డుకు చేరిన మర్నాడు స్పాంగెన్‌బర్గ్ అనే మొరేవియన్ నాయకుణ్ణి సలహా అడగబోతే, ఆయన తిరిగి వెస్లీనే ప్రశ్నించాడు: నీకు యేసుక్రీస్తు తెలుసా? లోకరక్షకుడని తెలుసునన్నాడు వెస్లీ. నిజమే, మరి నిన్ను రక్షించాడని తెలుసా? నన్ను రక్షించడానికే చనిపోయాడని ఆశిస్తున్నాను, అని నీళ్లు నమిలాడు. అంతకుమించి గుచ్చి అడిగితే తెలుసుననేశాడు. ఆ జవాబు ఉత్తుత్తి మాటేమోనని డైరీలో రాసుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్ పండితుడు.

జార్జియాలో రెండేళ్లు నిలవలేకపోయాడు. సోఫియా హాప్కీ అనే అమ్మాయిని ఇష్టపడి, పెళ్లి సంగతి తేల్చుకోలేక నానబెట్టాడు. ఆమె ఇంకొకర్ని చేసుకుంది, తర్వాత ఆమెకు ప్రభువు బల్లలో పాలు నిరాకరించాడు, కేసయింది. 1737 డిసెంబరులో ఒక రాత్రి సవన్నా వదిలి వచ్చేశాడు.

తిరుగు ప్రయాణంలో జరిగినదాన్ని, ఇవాళ ఆందోళనతో బాధపడేవాళ్లు చదివితే తమ గురించే రాశాడనుకుంటారు. ఈసారి తుఫాను లేదు. గాలి పల్చగా ఉంది, సముద్రం చదునుగా ఉంది. అయినా ఏదో ప్రమాదం ముంచుకొస్తోందన్న కారణం తెలియని భయం రోజుల తరబడి పట్టుకుంది. ఎందుకో తనకే తెలియదంటాడు. మనకు రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, ఇంట్లో అందరూ బాగానే ఉన్నా గుండె దడదడలాడుతుందే, అదే.

ఆ భయం నుంచి కొంత తేరుకున్నాక వెస్లీ ఒక లెక్క వేశాడు, కఠినమైన లెక్క. ఒంటి నొప్పి తప్ప వేరే ఏ విషయంలోనైనా మనసు కలవరపడుతోందంటే, ఆ మేరకు మనిషి అవిశ్వాసి అన్నట్టే. చావంటే కలవరమా, చావు లాభమని నమ్మలేదన్నమాట. జీవితంలో ఏదో జరుగుతుందని కలవరమా, అన్నీ మేలుకే జరుగుతాయన్న మాటను గట్టిగా నమ్మలేదన్నమాట. ఆ జనవరిలో ఇంకో అడుగు ముందుకేసి, అక్కడి ఆదివాసులైన ఇండియన్లను మార్చడానికి అమెరికా వెళ్లాను, నన్నెవరు మారుస్తారని వాపోయాడు.

మన పాస్టరుగారి మాటకు మూలం ఇలాంటి లెక్కే. భయం ఉంటే విశ్వాసం లేదు, విశ్వాసం ఉంటే భయం లేదు. వినడానికి సూటిగా ఉంటుంది, దీనికి మద్దతుగా వాక్యం కూడా చూపిస్తారు: యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో పరిపూర్ణమైన ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందన్న మాట. ఆ మాటను కాస్త ముందూ వెనకా కలిపి చదవాలి. అక్కడ యోహాను మాట్లాడుతున్నది తీర్పు దినం గురించి, శిక్ష గురించి. దేవుడు నన్ను శిక్షిస్తాడేమోనన్న భయం, దేవుని ప్రేమ మనిషిలో నిండే కొద్దీ పోతుందంటున్నాడు. స్కానింగ్ రిపోర్టు చూసి చేతులు వణకడం గురించి కాదు. పైగా పరిపూర్ణం కావడమంటేనే ఎదగడం ఉంది. కీర్తనల గ్రంథంలో 56వ కీర్తన పాడినవాడు తనకు భయమే లేదనడు, భయం వచ్చిన రోజున నిన్ను ఆశ్రయిస్తానంటాడు. భయమూ ఆశ్రయించడమూ ఆయనకు ఒకే రోజున జరుగుతున్నాయి.

ఇంగ్లండుకు తిరిగొచ్చిన వారంలోపే, 1738 ఫిబ్రవరి 7న వెస్లీకి పీటర్ బోలర్ అనే మొరేవియన్ కుర్రాడు తగిలాడు. పాతికేళ్లవాడు, వెస్లీ కంటే దాదాపు తొమ్మిదేళ్లు చిన్న. అతనితో మాటల్లో తనకు రక్షించే విశ్వాసం లేదని వెస్లీకి తేటతెల్లమైంది. మరి ప్రసంగించడం మానెయ్యనా అని అడిగాడు. లేనిదాన్ని ఇతరులకు ఎలా చెప్పడం? బోలర్ వద్దన్నాడు. విశ్వాసం వచ్చేదాకా విశ్వాసాన్ని ప్రకటించు, వచ్చాక వచ్చింది కాబట్టి ప్రకటిస్తావన్నాడు.

ఇది వేషధారణ కాదా అని ఎవరికైనా అనిపిస్తుంది. బోలర్ ఉద్దేశం అది కాదు. వెస్లీ అంతకాలం చేస్తున్న పొరపాటు ఒకటుంది: తన లోపల విశ్వాసం ఎంతుందో గంటగంటకూ కొలుచుకోవడం. జ్వరం తగ్గిందా లేదా అని అయిదు నిమిషాలకోసారి థర్మామీటర్ పెట్టుకునేవాడికి నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే జ్వరం తగ్గదు. మొరేవియన్లు చూసేది తమ విశ్వాసం వైపు కాదు, క్రీస్తు చేసినదాని వైపు. మనిషిని దేవుడు నీతిమంతుడిగా ఎంచడం ఆ మనిషి గుండె ధైర్యాన్ని బట్టి కాదు, సిలువ మీద జరిగినదాన్ని బట్టి అన్నది లూథర్ కాలం నుంచి వస్తున్న బోధ. ఆ బోధను నమ్మకం చాలకపోయినా నలుగురికీ చెప్పమంటున్నాడు బోలర్. చెప్తూ ఉంటే చూపు లోపలినుంచి బయటికి, తన నుంచి క్రీస్తు వైపుకు తిరుగుతుంది.

వెస్లీ వెంటనే మొదలెట్టాడు. మొదట చెప్పింది ఉరిశిక్ష పడిన ఒక ఖైదీకి. ఆ మార్చి నెలాఖరులో ఆక్స్‌ఫర్డ్ జైల్లో, చావబోతున్న ఒక మనిషి పక్కన మోకరించి ప్రార్థన చేశాడు. మొదట కుమిలిపోతూ, కలవరపడుతూ మోకాళ్లూనిన ఆ మనిషి కాసేపటికి లేచి, చావడానికి సిద్ధమేనన్నాడు. ఉరికంబం దగ్గరికి తీసుకెళ్లినప్పుడూ అతని ముఖంలో ఆ నెమ్మది చెదరలేదు. బోధించిన పాదిరికి ఆ నెమ్మది ఇంకా రాలేదు! విన్న ఖైదీకి వచ్చింది. ప్రసంగీకుడి స్థితిని బట్టి వాక్యం పనిచేస్తుందని నమ్మేవాళ్లు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి.

ఇక అందరికీ తెలిసిన రాత్రి. 1738 మే 24, లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూడిక. ఇష్టం లేకుండానే వెళ్లాడు. ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతున్నారు. తొమ్మిది కావడానికి పావుగంట ఉందనగా గుండెలో వింతగా ఒక వెచ్చదనం కలిగింది. క్రీస్తు నా పాపాల్నే తీసేశాడు, నన్నే రక్షించాడన్న నిశ్చయం కుదిరింది.

మర్నాటి పేజీలు తిప్పండి. ఇంటికి చేరిన ఆ రాత్రే శోధనలు మొదలయ్యాయి. ఇది విశ్వాసమైతే సంతోషమేదీ అని లోపలినుంచి ఒక గొంతు. ఆ తర్వాతి రోజుల్లోనూ సంతోషం రాలేదు, పోరాటం ఆగలేదు. అయిదు రోజుల తర్వాత ఒక సోదరుడితో కలిసి ఊరు వెళ్తూ, ఆ సోదరుడి విశ్వాసం తనకంటే ఎంతో ఎత్తులో ఉందే, ఇద్దరిదీ ఒకే విశ్వాసమేనా అని సందేహపడ్డాడు. ఆ సందేహం దగ్గర పాత వెస్లీ అయితే మళ్లీ లెక్కలు వేసేవాడు. ఈసారి వేయలేదు. అతనిది బలమైనది, నాది బలహీనమైనది, కానీ నాకూ కొంత ఇచ్చాడని దాని ఫలాన్ని బట్టి తెలుస్తోందని సరిపెట్టుకున్నాడు. గుండె వెచ్చబడిన రాత్రికన్నా ఈ సరిపెట్టుకోవడమే పెద్ద మలుపని నా అభిప్రాయం. విశ్వాసం ఉందా లేదా అన్న ప్రశ్న పోయి, ఎంత ఉంది, ఎలా పెరుగుతుంది అన్న ప్రశ్న మొదలైంది.

ఆ వేసవిలోనే హెర్న్‌హుట్‌కు వెళ్లాడు. అక్కడ చెట్టు నరికిన వడ్రంగి క్రిస్టియన్ డేవిడ్ ప్రసంగాలు నాలుగు విన్నాడు, వాటిలో మూడు బలహీన విశ్వాసుల గురించే. పాపక్షమాపణ పొందినా మనసు ఇంకా పూర్తిగా కడగబడనివాళ్లు, సిలువ దగ్గర సమాధానం దొరికినా సందేహాలు, భయాలు పూర్తిగా వదలనివాళ్లు. వాళ్లు విశ్వాసులు కారనలేదు ఆ వడ్రంగి.

అయినా తొందరపడి సాక్ష్యం ముగించెయ్యకూడదు. 1739 జనవరి 4న, అంటే ఆల్డర్స్‌గేట్ అయిన ఏడు నెలలకు, తాను ఇప్పటికీ క్రైస్తవుణ్ణి కానని డైరీలో రాసుకున్నాడు వెస్లీ. కోరుకున్న ప్రేమ, సంతోషం, సమాధానం ఇంకా నిలకడగా లేవు మరి.

తర్వాత ఆయన్ని పని ముంచేసింది. ఆ ఏప్రిల్లో బ్రిస్టల్‌లో ఆరుబయట ప్రసంగించడం మొదలెట్టాడు. చర్చి గోడల మధ్య కాకుండా ఆత్మల రక్షణ జరగడం దాదాపు పాపమనుకునేవాడు కాబట్టి ఆయనకది చేదుమందు. వేలాదిమంది బొగ్గుగని కూలీల ముందు నిలబడ్డాడు. రాళ్లు, కుళ్లిన గుడ్లు, తిట్లు. అలా నాలుగేళ్లకు పైగా గడిచాక, 1743 అక్టోబరు 20న వెన్స్‌బరీలో అల్లరిమూక ఆయన్ని ఇంట్లోంచి తీసుకెళ్లింది. వానలో, చీకట్లో ఒక మేజిస్ట్రేటు ఇంటి నుంచి ఇంకో మేజిస్ట్రేటు ఇంటికి, తర్వాత వాల్సల్ ఊళ్లోకి. రొమ్ము మీద ఒక దెబ్బ, నోటి మీద ఒకటి, రక్తం కారింది. గడ్డిపరకతో తాకినంత కూడా నొప్పి తెలియలేదంటాడు. తన గదిలో కూర్చున్నంత స్థిమితంగా ఉన్నానంటాడు. మధ్యలో ఒక్కసారి మాత్రం ఒక ఆలోచన వచ్చిందట: వీళ్లు నన్ను ఏట్లో పడేస్తే జేబులో కాగితాలు పాడైపోతాయే అని. తన గురించి బెంగ లేదు, కోటు పల్చనిది, బూట్లు తేలికవి, ఈదుకుంటూ పోగలనని ధైర్యం. ఆ గుంపుకు నాయకుడిగా వచ్చిన వస్తాదే చివరికి అడ్డం నిలబడి బయటికి తెచ్చాడు.

సిమ్మండ్స్ ఓడ మీద వణికిన మనిషీ, జేబులో కాగితాల గురించి ఆలోచించిన మనిషీ ఒకరే. మధ్యలో ఏడేళ్ల తొమ్మిది నెలలు గడిచాయి. ఆ కాలాన్ని దేంతో నింపాడని చూస్తే అద్భుతాలకంటే అలవాట్లు ఎక్కువ కనపడతాయి. రోజూ వాక్యం, తరచుగా ప్రభువు బల్ల, ఎండలో వానలో తిరిగి చెప్పడం, తన గురించి తాను ఆలోచించుకునే తీరిక లేకపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా తన మనసులోదంతా విప్పి చెప్పుకునే చిన్న గుంపు. మొరేవియన్ల దగ్గర నేర్చుకున్న ఈ చిన్న గుంపుల పద్ధతిని వెస్లీ పట్టుదలగా పెంచాడు. వారానికొకసారి కలవాలి, ఏ పాపంలో పడ్డావు, ఏ శోధన వచ్చింది, ఎలా తప్పించుకున్నావు అని ఒకరినొకరు అడగాలి. అక్కడ భయపడ్డానని చెప్పడం నామోషీ కాదు. మన కూడికల్లో సాక్ష్యాల సమయం పెడతాం కదా, అందులో గెలిచినవాళ్లే లేస్తారు. ఇంకా గెలవనివాడు లేచి, నాకింకా భయంగానే ఉంది, ప్రార్థన చేయండి అనడానికి చోటున్న కూడికలు ఎన్నున్నాయో పెద్దలు చూసుకోవాలి.

ఇక్కడ ఒక అపార్థానికి తావుంది. భయాలన్నీ ఆత్మీయమైనవే, ప్రార్థనతోనే పోవాలని వెస్లీ అనుకోలేదు. 1747లో సామాన్యుల కోసం చిట్కావైద్యం పుస్తకమే అచ్చు వేసిన మనిషి. 1759 మేలో ఒక పేదరాలిని చూశాడు, కడుపునొప్పి ఎంతకీ తగ్గదు. మందు మీద మందు రాస్తున్న వైద్యులెవరూ నొప్పి ఎక్కణ్నించి వచ్చిందో అడగలేదు. కొడుకు చనిపోయిన దిగులు ఆమెది. శరీరపు జబ్బులకు మనసు ఎంత కారణమో వైద్యులు ఎందుకు చూడరని విసుక్కున్నాడు. అదే న్యాయం తిరగేసి చూస్తే మనసులో భయానికి శరీరమూ కారణం కావచ్చు. నెలల తరబడి నిద్ర లేనివాళ్లు, గుండెదడతో బయటికి అడుగు పెట్టలేనివాళ్లు డాక్టరు దగ్గరికెళ్లి మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు. విశ్వాసం తక్కువని చెప్పి మందు మానిపించే దైవసేవకుల మాట వినకపోవడమే మేలు.

మరి పెరిగిన విశ్వాసం తర్వాతైనా వెనక్కి జారదా? బైబిలే ఈ సంగతి దాచిపెట్టలేదు. ఒక పనిపిల్ల అడిగితే యేసు ఎవరో తెలియదని బొంకిన పేతురు, అపొస్తలుల కార్యాల పన్నెండో అధ్యాయానికి వచ్చేసరికి తెల్లారితే చంపుతారనగా ఇద్దరు సైనికుల మధ్య సంకెళ్లతో నిద్రపోతుంటాడు. దూత పక్క తట్టి లేపాల్సి వచ్చింది. ఎంత ఎదుగుదల అనుకుంటాం. అదే పేతురు అంతియొకయలో, యెరూషలేము నుంచి వచ్చిన కొందరికి భయపడి అన్యజనుల పక్కన భోజనం మానేస్తాడు, గలతీ పత్రికలో పౌలు ఆ సంగతి మొహమాటం లేకుండా రాశాడు. కత్తికి భయపడనివాడు లోకులేమనుకుంటారోనని భయపడ్డాడు.

వెస్లీకీ అంతే. 1766 జూన్‌లో తమ్ముడు చార్లెస్‌కు ఒక ఉత్తరం రాశాడు. వయసు 63, ఇంగ్లండంతా ఆయన పేరు మోగుతోంది. ఆ ఉత్తరంలో కొన్ని వాక్యాలు ఇతరులు చదవకుండా సంకేతలిపిలో రాశాడు. తాను దేవుణ్ణి ఎన్నడూ ప్రేమించలేదనిపిస్తోందని, క్రైస్తవ అర్థంలో ఎన్నడూ నమ్మలేదేమోనని. భయం సంగతి కూడా ఎత్తాడు: నరకంలో పడతానన్న భయం లేదు, ఉంటే గింటే శూన్యంలో పడిపోతానేమోనన్నదే. ఇంతా రాసి, అదే ఉత్తరంలో, అయినా ఈ పని మీద ఆసక్తి తగ్గకపోగా పెరుగుతోందంటాడు. ఆ మర్నాడూ గుర్రమెక్కే జీవితమే ఆయనది. దీన్ని చదివి కొందరు వెస్లీ అభిమానులు ఇబ్బంది పడతారు. నాకు ఊరటగా ఉంటుంది. ఎదిగిన విశ్వాసం ఎలా ఉంటుందో ఇంతకన్నా దగ్గరగా చూపించే కాగితం మరొకటి నాకు తెలియదు: లోపల చీకటి పడినా కాలు ఆగలేదు. చీకటి పడిందని చెప్పుకోవడానికి ఒక తమ్ముడున్నాడు.

చివరి ఇరవై ఏళ్లలో వెస్లీ తన పాత లెక్కను తానే కొట్టేశాడు. తన రచనల్ని సంపుటాలుగా అచ్చు వేస్తున్నప్పుడు, 1738లో తాను మారుమనస్సు పొందలేదని రాసుకున్న చోట, ఇది నిజమని ఖాయంగా చెప్పలేనని అడుగున ఒక గమనిక చేర్చాడు. అప్పట్లో తనకు కుమారుడి విశ్వాసం కాకపోయినా దాసుడి విశ్వాసం ఉందని వివరించాడు. దాసుడు యజమానికి భయపడి పని చేస్తాడు. కుమారుడు తండ్రి ప్రేమ తెలిసి చేస్తాడు. ఇద్దరూ ఆ ఇంటివాళ్లే. భయపడుతూ అయినా దేవుని మాట వింటున్నవాణ్ణి దేవుడు అప్పటికే అంగీకరించాడు, అక్కడే ఆగిపోకుండా కుమారుడి నిశ్చయతలోకి ఎదగమని అతన్ని పిలవాలి. విశ్వాసం గురించి 1788లో రాసిన ప్రసంగంలో ఇదంతా వివరంగా చెప్పాడు. దాదాపు యాభై ఏళ్ల కిందట మెథడిస్టు బోధకులకు ఈ తేడా సరిగ్గా తెలియదని, నీ పాపాలు క్షమించబడ్డాయని నీకు తెలుసా అని అడిగి, తెలియదన్నవాణ్ణి అపవాది బిడ్డవనేసేవాళ్లమని ఒప్పుకున్నాడు.

ముసలితనంలో మెల్విల్ హోర్న్ అనే కుర్ర పాదిరితో ఈ సంగతే మాట్లాడుతూ, మా అమాయకత్వంలో జనాలకు అలా చెప్పినందుకు వాళ్లు మమ్మల్ని రాళ్లతో కొట్టలేదేమిటా అని ఆశ్చర్యపోయాడట.